వాన పడ్డ మర్నాడు ఏ పని ముందు?

మృగశిర కార్తె. పెద్దకడుబూరు, కోసిగి, నందవరం మండలాల్లో ఏదో ఒక ఊరు అనుకుందాం. సోమవారం రాత్రి గట్టి వానే పడింది. నాలుగెకరాల పత్తి రైతు ఇంట్లో తెల్లారేసరికి ఎనిమిది పనులు కాచుకుని ఉన్నాయి. సాళ్లు కొట్టి గింజ పెట్టాలి, అది రెండు రోజుల పని. అందుకు ట్రాక్టరును, కూలీలను మాట్లాడాలి, పావుగంట ఫోను పని. అవ్వకు బీపీ మాత్రలు రేపటితో అయిపోతాయి, ఆదోని పోయి తేవాలి. బుధవారంలోగా పిల్లవాడిని ఆరో తరగతిలో చేర్పించాలి. పంట రుణం తిరగరాయించుకోవడానికి ఎమ్మిగనూరు బ్యాంకుకు పోవాలి, దానికి నెలాఖరు దాకా గడువుంది. వంటింటి కప్పు కారుతోంది. మేకలకు టీకా వేయించాలి. గురువారం మేనమామ ఇంట్లో పెళ్లి.

వీటిలో ఏది ముందు, ఏది వెనక? ఇలాంటి ప్రశ్నకు గత నూరేళ్లలో డజనుకు తక్కువ కాకుండా పద్ధతులు పుట్టుకొచ్చాయి. కొన్ని ఫ్యాక్టరీల్లో పుట్టాయి, కొన్ని ఆఫీసుల్లో, కొన్ని సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో, కొన్ని గణితవేత్తల కాగితాల మీద. పుస్తకాల షాపుల్లో వ్యక్తిత్వ వికాసం అరలో అవన్నీ వరుసగా కనిపిస్తాయి. ఒక్కో పుస్తకం తన పద్ధతి ఒక్కటే చాలంటుంది. ఆ పద్ధతుల్లో ముఖ్యమైనవాటిని పడమటి కర్నూలు జిల్లా జీవితం మీద పెట్టి చూడటం ఈ సమీక్ష ఉద్దేశం.

ఈ ప్రాంతమే ఎందుకంటే ఇక్కడ మూడు రకాల సమయాలు ఒకే ఇంట్లో తగులుకుంటాయి. పొలానిది నీళ్ల సమయం: ఎక్కువ భూమి వాన మీదే ఆధారం. తుంగభద్ర దిగువ కాలువ కింద ఉన్నవాళ్లది కాలువ నీళ్ల లెక్క. ఆదోని రాష్ట్రంలోనే పేరున్న పత్తి మార్కెట్, జిన్నింగు మిల్లుల ఊరు. అక్కడ నడిచేది ధరల సమయం. సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. మాచాని సోమప్ప 1938లో అక్కడ చేనేత సహకార సంఘం పెట్టాడు, 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మగ్గానిది మళ్లీ వేరే సమయం. ఆఫీసు గడియారం కోసం కట్టిన పద్ధతి ఈ మూడింటి ముందు నిలబడితే ఎక్కడైనా నిలబడుతుంది.

తొందర, ముఖ్యం

అన్నిటికన్నా జనంలోకి పోయింది నాలుగు గళ్ల పద్ధతి. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1954లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో మాట్లాడుతూ, సమస్యల్లో తొందరవి వేరు, ముఖ్యమైనవి వేరు అన్న మాటను ఒక మాజీ కాలేజీ అధ్యక్షుడి మాటగా చెప్పాడు. స్టీఫెన్ కోవీ 1989 నాటి తన పుస్తకంతో దాన్ని నాలుగు గళ్లుగా ప్రపంచమంతా తిప్పాడు. తొందరా ముఖ్యమూ అయినది ఇప్పుడే చెయ్యి. ముఖ్యమే గాని తొందర లేనిదానికి రోజు పెట్టుకో. తొందరే గాని ముఖ్యం కానిది ఇంకొకరికి అప్పగించు. రెండూ కానిది వదిలెయ్యి.

ఈ పద్ధతి చేసిన మేలు తక్కువేమీ కాదు. తొందర మనిషిని ఎంత మోసం చేస్తుందో తర్వాత ప్రయోగాల్లోనూ తేలింది. మెంగ్ ఝు, యాంగ్ యాంగ్, క్రిస్టఫర్ షీ 2018లో ప్రచురించిన పరిశోధనలో, గడువు దగ్గరున్న పనికి తక్కువ డబ్బు వస్తుందని కళ్ల ముందు కనిపిస్తున్నా చాలామంది దాన్నే ఎంచుకున్నారు. 'ఈరోజే ఆఖరు' అన్న మాట వింటే చాలు, చేతిలోని పని వదిలి లేస్తాం. వాట్సాప్ గ్రూపులో వచ్చిన ప్రతి కబురూ ఇదే బలంతో బతుకుతోంది.

కానీ మన రైతు ఇంటి ఎనిమిది పనులను గళ్లలో వేసి చూడండి. విత్తనం, ఫోను, మాత్రలు, బడి, కారే కప్పు, పెళ్లి అన్నీ మొదటి గడిలోకే వచ్చి కూర్చుంటాయి. ఎనిమిదింటిలో ఆరు ఒకే గడిలో పడ్డాక, ఆ ఆరింటిలో ఏది ముందో చెప్పడానికి ఈ పద్ధతి దగ్గర మాటే లేదు. చేతినిండా పని, జేబులో చాలని డబ్బు ఉన్న ఇంట్లో మొదటి గడి ఎప్పుడూ కిక్కిరిసే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ రంగంలో 1994లో డాయ్ క్లెగ్ పెట్టిన పద్ధతిదీ ఇదే ఇబ్బంది. తప్పకుండా ఉండాల్సినవి, ఉండదగినవి, ఉంటే బాగుండేవి, ఈసారికి వద్దనుకునేవి అని పనులను నాలుగుగా విడగొట్టమంటుంది. అడిగిన ప్రతివాడూ తన పని తప్పకుండా ఉండాల్సినదే అంటాడు.

ఇక్కడ ఈ ప్రాంతం నేర్పే విషయం ఒకటుంది. గడువులన్నీ ఒక రకం కాదు, ఆ గడువు పెట్టింది ఎవరో చూడాలి. నేల పదును పెట్టిన గడువును ఎవరూ పొడిగించలేరు. ఎర్రనేలలో మూడు నాలుగు రోజులకు పదును పోతుంది, నల్లరేగడి ఇంకొంచెం ఓర్చుకుంటుంది, అంతే. మార్కెట్ యార్డు పెట్టిన గడువు సాయంత్రానికి ముగుస్తుంది గాని రేపు మళ్లీ తెరుచుకుంటుంది. రేపటి ధర ఎంతన్నదే భయం. ఆఫీసులు పెట్టే గడువుల్లో కొన్ని ఆఖరి రోజున పొడిగిస్తారు. అట్లా రెండుమూడు సార్లు పొడిగించాక జనం నమ్మడం మానేస్తారు, నాలుగోసారి నిజంగానే మూసేస్తే నష్టపోతారు. చుట్టాలు పెట్టిన గడువు మాట మీద నడుస్తుంది. ముహూర్తం కదలదు గాని ఇంటిల్లిపాదీ పోవాలా, ఒకరు పోతే సరిపోతుందా అన్నది మాట్లాడుకోవచ్చు. 'తొందర' అన్న ఒక్క గడిలో ఈ నాలుగింటినీ కుక్కడమే నాలుగు గళ్ల పద్ధతిలోని లోపం. గడువు ఎంత దగ్గరుందో అడిగే ముందు అది ఎంత గట్టిదో అడగాలి.

గణితం చెప్పిన వరుసలు

వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు పట్టించుకోని ఒక పాయ ఉంది. యంత్రం ఒకటే, పనులు అనేకం, ఏ వరుసలో చేస్తే నష్టం తక్కువ అని 1950ల నుంచి గణితవేత్తలు లెక్క కట్టారు. మూడు ఫలితాలు మనకు పనికొస్తాయి.

1955లో జాక్సన్ చెప్పింది: గడువు దగ్గరున్నది ముందు. అట్లా చేస్తే అన్నిటికన్నా ఎక్కువ ఆలస్యమైన పని ఉందే, ఆ ఆలస్యం వీలైనంత తగ్గుతుంది. 1956లో స్మిత్ చెప్పింది: పని విలువను దానికి పట్టే సమయంతో భాగించు, ఎక్కువ వచ్చినది ముందు. అంటే చిన్నదీ విలువైనదీ అయిన పని పెద్ద పనికన్నా ముందుకొస్తుంది. 1968లో మూర్ చెప్పింది: గడువు దాటే పనుల సంఖ్య తగ్గాలంటే గడువుల వరుసలోనే పనులు పేర్చుకుంటూ పో. ఎక్కడ గడువు దాటుతుందో అక్కడ ఆగి, అప్పటిదాకా పేర్చినవాటిలో అన్నిటికన్నా ఎక్కువ సమయం తినేదాన్ని తీసి పక్కన పెట్టు.

మూడూ గణితంగా నిరూపించినవే. అయినా మన ఇంట్లో మూడూ మూడు దారుల్లో పోతాయి. జాక్సన్ వరుసలో మాత్రలు, బడి, విత్తనం, పెళ్లి ముందొస్తాయి, నెలాఖరు రుణం వెనక పడుతుంది. అంతవరకు సబబే. కానీ కప్పుకూ మేకలకూ తేదీ లేదు గనక అవి ఎప్పటికీ వరుసలోకి రావు. తేదీ లేదంటే గడువు లేదని కాదు. కప్పుకు మళ్లీ పడే వానే గడువు.

మూర్ సూత్రం ఇంకా తమాషా చేస్తుంది. మంగళవారం పొద్దున నుంచి ఒక్క మనిషే పనులు చేస్తున్నాడనుకుందాం. మాత్రలకు ఒక పూట, బడికి ఒక పూట, మంగళవారం అయిపోయింది. విత్తనానికి రెండు రోజులు, గురువారం సాయంత్రానికి పదును ఉండగానే ముగుస్తుంది. ఇక పెళ్లికి రోజు మిగల్లేదు. మూర్ ఏమంటాడు? పేర్చినవాటిలో అన్నిటికన్నా పొడుగు పనిని తీసెయ్యమంటాడు. పొడుగు పని విత్తనం! విత్తనం వదిలేసి పెళ్లికి పొమ్మని చెప్పే సూత్రాన్ని ఏ రైతూ వినడు. లెక్కలో తప్పు లేదు. ఆ లెక్కకు అన్ని పనులూ సమానం, ఒక్కోదానికి ఒక్కో విలువ ఉందని దానికి చెప్పలేదు. ఎన్ని పనులు అయ్యాయో లెక్కపెట్టుకుని సంతోషపడే అలవాటు మనకూ ఉంది. పట్టికలో పది చిన్నవి కొట్టేసి, పెద్దదాన్ని రేపటికి నెట్టినప్పుడు మనం తెలియకుండా మూర్ సూత్రాన్నే పాటిస్తున్నాం.

స్మిత్ ఆ లోపాన్ని కొంత సరిచేస్తాడు, విలువను లెక్కలోకి తెస్తాడు గనక. కానీ ట్రాక్టరు కోసం చేసే ఫోనుకు విలువ ఎంత వేస్తారు? దానంతట దానికి ఏ విలువా లేదు. దాని వెనక విత్తనం నిలబడి ఉంది గనక విలువ. ఈ సంగతి స్మిత్ సూత్రంలో లేదు. అందుకు వేరే పాయ దగ్గరికి పోవాలి.

ఏది ఆగితే ఏది ఆగుతుంది

1950ల ఆఖర్లో అమెరికాలో డూపాంట్ కంపెనీ కోసం కెల్లీ, వాకర్ ఒక లెక్క కట్టారు. పెద్ద పనిని చిన్న పనులుగా విడగొట్టి, ఏది అయితేగాని ఏది మొదలుకాదో గీతలు గీసి, వాటిలో అన్నిటికన్నా పొడుగైన గొలుసును పట్టుకోమన్నారు. ఆ గొలుసులో ఒక రోజు ఆలస్యమైతే మొత్తం ఒక రోజు ఆలస్యం. మిగిలినచోట్ల కొంత సందు ఉంటుంది. 1984లో గోల్డ్‌రాట్ ఇంకో మాట చేర్చాడు. ఏ వ్యవస్థలోనైనా ఇరుకైన చోటు ఒకటుంటుంది. అది ఖాళీగా ఉండకుండా చూసుకోవడమే మిగతా అందరి పని.

దీన్ని ఎమ్మిగనూరులో మగ్గం ఉన్న ఇంట్లో చూస్తే పుస్తకం అక్కర్లేదు. నేసేవాడు గుంటలో కూర్చుని నేస్తుంటే ఇంట్లో మరో ఇద్దరు అతనికి ముందుగా నడుస్తుంటారు. ఒకరు రాట్నం దగ్గర కండెలు చుడతారు. ఇంకొకరు తర్వాతి పడుగుకు నూలు సిద్ధం చేస్తారు. కండెలు అయిపోతే నాడె ఆగుతుంది, నాడె ఆగితే మగ్గం ఆగుతుంది. మజూరి మగ్గం మీద దిగిన గుడ్డకే గాని చుట్టిన కండెకు కాదు. అందుకని కండెలు చుట్టడం ముఖ్యం కాని పని అనుకుంటే కొంప మునుగుతుంది. అక్కడ ఇరుకు మగ్గమే. ఒక పడుగు ఎక్కాక అది కోసి దించేదాకా ఇంకో పడుగు ఎక్కదు. మొదలుపెట్టిన పనిని ముగించకుండా ఇంకోటి మొదలుపెట్టే వీలును మగ్గమే ఇవ్వదు.

ఆదోని పత్తిదీ ఇదే తీరు. 2025-26లో పొడుగు పింజ పత్తికి కేంద్రం మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. భారత పత్తి సంస్థ 8 శాతం తేమ దాకా పూర్తి ధర ఇస్తుంది, ఆపైన కోత, 12 దాటితే కొనదు. ఆ సీజను నుంచి కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు చేసుకుని రోజు ఖాయం చేసుకోవాలి. ఇక్కడ వరుస చూడండి: ప్రభుత్వ ఈ-క్రాప్ నమోదులో పంట పేరెక్కాలి, యాప్‌లో నమోదు కావాలి, రోజు దొరకాలి, పత్తి ఆరాలి, బండి మాట్లాడాలి. వీటిలో ఆరబెట్టడం ఎవరి కంటికీ తొందరగా కనిపించదు. మంచు పడే నవంబరు పొద్దుల్లో విడిపించిన పత్తిని నేరుగా బోరాల్లో తొక్కి, ఖాయమైన రోజున కేంద్రానికి తోలుకుపోతే, తేమ మీటరు 14 చూపించిందంటే బండి బాడుగ, రోజు కూలి, తీసుకున్న స్లాటు మూడూ పోయినట్టే. అయినకాడికి బయట వ్యాపారికి వేసి రావడమే మిగులుతుంది. తొందర లేని పని తొందర పనిని చంపేసిన సందర్భం ఇది.

ఎన్ని పనులు ఒకేసారి

మిగిలిన పద్ధతులు వరుస గురించి కన్నా మోత గురించి మాట్లాడతాయి. 1918లో ఐవీ లీ అనే సలహాదారు బెత్లహేమ్ స్టీల్ అధిపతి చార్లెస్ ష్వాబ్‌కు చెప్పినట్టుగా ఒక కథ తిరుగుతుంటుంది. రాత్రి పడుకునే ముందు రేపటి పనులు ఆరు మాత్రమే రాసుకో, పొద్దున మొదటిది ముగిశాకే రెండోది ముట్టుకో అన్నాడట. టయోటాలో తైచీ ఓనో నడిపిన కాన్బాన్ సారమూ దగ్గరదగ్గర ఇంతే. చేతిలో ఉన్న పనుల సంఖ్యకు హద్దు పెట్టు, ఒకటి బయటికి పోతేనే ఇంకోటి లోపలికి రావాలి. మగ్గం మీద ఒకే పడుగు అన్న నియమం ఈ పాయకే చెందుతుంది.

పరేటో పేరుతో వాడుకలో ఉన్న 80-20 సూత్రం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఇటలీలో భూమి కొద్దిమంది చేతుల్లో ఉందని ఆయన గమనించాడు. దాన్ని నాణ్యత నియంత్రణలోకి తెచ్చి పరేటో పేరు పెట్టింది జోసెఫ్ జురాన్. ఎక్కడ చూడాలో అది చెబుతుంది, ఏం చేయాలో చెప్పదు. ఇరవై ఐదు నిమిషాలు పని, ఐదు నిమిషాలు విరామం అనే ఫ్రాన్సెస్కో చిరిల్లో పద్ధతి పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు బాగా ఉపకరిస్తుంది. కలుపు తీసే మనిషికి దానితో పని లేదు.

మోత పాయలో మనకు బాగా ఉపయోగపడేవి రెండున్నాయి. మొదటిది అంచనా గురించి. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అనే మనకు పని అనుకున్నదానికన్నా లాగుతుందని తెలియనిది కాదు. ఎంత లాగుతుందో 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ కొలిచి చూపారు. విద్యార్థులు తమ పరిశోధన వ్యాసం సగటున 34 రోజుల్లో ముగుస్తుందనుకున్నారు, 55 రోజులకు పైగా పట్టింది. పట్టికలో 'ఒక పూట' అని రాసుకున్న బ్యాంకు పని ఒక రోజు తింటుందని ముందే అనుకోవాలి. ఆదోని, ఎమ్మిగనూరు బస్సులో పోయి రావాల్సిన ఊరికి ఇది రెట్టింపు నిజం.

రెండోది మనసు మీది బరువు. పూర్తికాని పని మనసులో నలుగుతూనే ఉంటుందని బ్లూమా జైగార్నిక్ 1927లో చెప్పింది. 2011లో మాసికాంపో, బామైస్టర్ ఇంకో అడుగు వేశారు. ఆ పని పూర్తి చేయకపోయినా, ఎప్పుడు ఎట్లా చేస్తామో కచ్చితంగా రాసుకుంటే ఆ నలుగుడు తగ్గుతుందన్నారు. తమిళనాడులో 464 మంది చెరకు రైతుల మీద జరిగి 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం మనకు మరీ దగ్గరిది. పంట డబ్బు చేతికి రాకముందు ఆలోచన పరీక్షల్లో వెనకబడిన రైతులే, డబ్బు వచ్చాక మెరుగ్గా చేశారు. వాళ్ల తెలివి మారలేదు, డబ్బు దిగులు తెలివిని ఆక్రమించుకుంది. అప్పులోళ్లు, విత్తనాల షాపు బాకీ, పిల్లల ఫీజు అన్నీ తలలో మోస్తున్న మనిషికి పనుల వరుసను కూడా తలలోనే పెట్టుకొమ్మనడం అన్యాయం. గోడకు వేలాడే తెలుగు క్యాలెండరు మీద రాయాలి. అందులో కార్తెలున్నాయి, తిథులున్నాయి, చీటీ పాట రోజూ గ్యాసు బండ వచ్చిన తేదీ ఇప్పటికే దాని మీదే రాస్తున్నాం. వర్జ్యం, రాహుకాలం చూసుకునే ఇంట్లో అవీ అక్కడే దొరుకుతాయి. పని ఎప్పుడు మొదలుపెట్టకూడదో చెప్పే హద్దులుగా వాటిని వరుసలో కలుపుకోవచ్చు.

కలిపే తీరు

ఈ పద్ధతులను కలపడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ప్రతి పనికీ తొందరకు ఇన్ని, విలువకు ఇన్ని, శ్రమకు ఇన్ని అని మార్కులు వేసి కూడటం. కంపెనీల్లో ఇది మామూలే. ఇంటికి నేను దీన్ని మెచ్చను. మార్కులు మనమే వేస్తాం, మనసులో ఇష్టమైన పనికి ఒక మార్కు ఎక్కువ పడుతుంది, చివరికి లెక్క మన ఇష్టానికే ముద్ర కొడుతుంది. పైగా పదును పోయే పనికి తొందరలో పది మార్కులు వేసినా, మిగతా మార్కులు దాన్ని కిందికి లాగగలవు. గట్టి గడువును ఏ మార్కులతోనూ సరిపెట్టలేం.

రెండో దారి ప్రశ్నలను ఒకదాని తర్వాత ఒకటి అడగడం. నా ఉద్దేశంలో నాలుగు చాలు. చేయకపోతే తిరిగిరానిది ఏది? ఏది ఆగితే ఇంకొకటి ఆగుతుంది? మొత్తం కాకపోయినా ఏ ముక్క చేస్తే ఇప్పటికి నష్టం ఆగుతుంది? ఎవరు చేయాలి? మొదటిది జాక్సన్‌కు గడువుల గట్టిదనాన్ని కలిపిన ప్రశ్న. రెండోది కెల్లీ, వాకర్, గోల్డ్‌రాట్‌లది. మూడోది స్మిత్ లెక్కను పని ముక్కలకు వర్తింపజేయడం. నాలుగోది ఏ పద్ధతీ సరిగా అడగనిది.

మన ఇంటికి వద్దాం. తిరిగిరానివి రెండే, పదును, అవ్వ మాత్రలు. బుధవారం బడి దాటితే పిల్లవాడి చదువేమీ పోదు, నాలుగు మాటలు పడాలి. పదునుకు తాళం చెవి ఫోను. ఊరంతా ఒకే పొద్దున ట్రాక్టరు కోసం చూస్తుంది గనక తెల్లారకముందే ఆ పావుగంట పని కావాలి. కూలీలూ అంతే. విలువ లెక్కలో చివర ఉన్న పని వరుసలో మొదటికి వచ్చింది. తర్వాత ముక్కలు. కప్పు మొత్తం కప్పడానికి పూట కావాలి, పట్ట కప్పి రాయి పెట్టడానికి పది నిమిషాలు చాలు. ఇప్పటికి అదే పని. మాత్రలకు ఇంటి మనిషే పోనక్కర్లేదు. చీటీ ఇస్తే ఆదోని పోయే ఎవరైనా తెస్తారు. పెళ్లికి గురువారం ఒకరు పోతే మర్యాద నిలుస్తుంది, గింజ పెట్టడం మంగళ, బుధవారాల్లోనే ముగిస్తే ఇద్దరూ పోవచ్చు. రుణానికి వచ్చే సోమవారం, టీకాకు ఆ వారంలోనే ఒక రోజు అని క్యాలెండరు మీద రాసేశాక, మంగళవారం వాటి గురించి ఆలోచించే పని లేదు. ఎనిమిదింటిలో మంగళవారం పొద్దున చేతిలో మిగిలినవి మూడే: ఫోను, పట్ట, పొలం. చీటీ బస్సు స్టాండు దాకా పోతుంది.

ఇదే వరుస పెద్ద స్థాయిలో నడిచిన సందర్భం 2024 ఆగస్టులో మన కాలువ తల దగ్గరే చూశాం. ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. డ్యాం నిండుగా ఉంది. దిగువ కాలువ కింద ఆదోని, ఎమ్మిగనూరు వైపు రైతుల ఖరీఫ్ ఆ నీళ్ల మీదే ఉంది. తిరిగిరానిది ఏదన్న ప్రశ్నకు జవాబు నీళ్లు కాదు, డ్యాం. అందుకే మిగతా గేట్లూ ఎత్తి బరువు దించారు, కళ్ల ముందే నీళ్లు పోనిచ్చారు. ఆపైన ముక్క ప్రశ్న. పూర్తి గేటు కట్టాలంటే నీటిమట్టం బాగా తగ్గేదాకా ఆగాలి, అంతలో నీళ్లన్నీ పోతాయి. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో పారే నీళ్లలోనే స్టాప్‌లాగ్ పలకలు ఒకదాని మీద ఒకటి దించి, సుమారు వారం రోజుల్లో ధారను ఆపారు. అది శాశ్వత గేటు కాదు, అప్పటికి చాలినంత పని. డ్యాం ముందు, నీళ్లు తర్వాత, కొత్త గేటు ఆ తర్వాత అన్న వరుస తప్పి ఉంటే ఆ ఏడు ఖరీఫ్‌కు మిగిలేది తక్కువ.

ఎవరి మీద పడుతుంది

నాలుగో ప్రశ్న మిగిలింది. అన్ని పద్ధతులూ 'ఇంకొకరికి అప్పగించు' అని తేలిగ్గా అంటాయి. ఆ ఇంకొకరు ఎవరు?

కేంద్ర గణాంక శాఖ 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు అందులో గడిపితే, అదే పని చేసే మగవాళ్లు 97 నిమిషాలు గడిపారు. 2024 సర్వేలో ఆ అంకెలు 289, 88. ఐదేళ్లలో ఆడవాళ్లకు పది, మగవాళ్లకు తొమ్మిది నిమిషాలు తగ్గాయి, మధ్యలో ఉన్న తేడా దాదాపు కదల్లేదు. మన ఇంట్లో పట్ట ఎవరు కప్పారు? ఆరో తరగతిలో చేర్పించడానికి ఎవరు పోయారు? చీటీ పట్టుకుని బస్సు దగ్గరికి ఎవరు నడిచారు? గింజ పెట్టే కూలీలకు పొద్దున్నే రొట్టెలు ఎవరు కాల్చారు? ఆ రొట్టెలు ఎనిమిది పనుల పట్టికలో లేనే లేవు. పట్టిక రాసినవాడి కంటికి అది పనిగా ఆనలేదు. యజమాని నాలుగు గళ్లలో మూడో గడి తేలికపడిన ప్రతిసారీ ఇంటావిడ మొదటి గడి బరువెక్కుతుంది.

సుగ్గి కాలంలో, అంటే కూలికి వలస పోయే కాలంలో, ఈ లెక్క ఇంకా కఠినంగా బయటపడుతుంది. పంట సరిగా రాని ఏడు కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు వైపు కుటుంబాలు దసరా, దీపావళి దాటాక ఇంటికి తాళం వేసి గుంటూరు, పల్నాడు మిరప తోటలకూ తెలంగాణ పత్తి చేలకూ సుగ్గికి పోతాయి. పోయే ముందు పనులన్నీ గడువున్నవే. మేస్త్రీతో బయానా మాట, మేకలను అమ్మడమో చుట్టాల ఇంట వదలడమో, ముసలివాళ్లకు పెన్షను, బియ్యం సంగతి. ఆఖరున పిల్లల చదువు. తల్లిదండ్రులు చేలో ఉన్నంతసేపు చిన్న పిల్లను చూసుకునే పనిని అప్పగించడానికి పెద్ద కూతురు తప్ప ఎవరూ దొరకరు. సమగ్ర శిక్ష కింద నడిచే సీజనల్ హాస్టలు ఊళ్లో సకాలంలో తెరిస్తే ఆ పిల్ల బడిలో ఉంటుంది, తెరవకపోతే మిరప చేలో ఉంటుంది. ఆ తల్లికి ఏ గళ్ల పద్ధతి నేర్పినా హాస్టలు తలుపు తెరుచుకోదు.

మరి పద్ధతులు వృథానా? కాదు. గట్టి గడువును గుర్తుపట్టడం, గొలుసులో తాళం చెవి పనిని ముందుకు లాగడం, పెద్ద పనిలో ఇప్పటికి చాలే ముక్కను తీయడం, మిగిలినదాన్ని తేదీతో గోడమీదికి ఎక్కించడం, ఈ నాలుగూ ఏ ఇంటికైనా ఉపకరిస్తాయి, పైసా ఖర్చు లేదు. కానీ పట్టికలో ప్రతి పని పక్కనా చేసేవారి పేరు రాయాలి, రొట్టెలతో సహా. ఒకే పేరు పదే పదే వస్తుంటే అది వరుస సమస్య కాదు, పంపకం సమస్య. అప్పుడు ఇంట్లో పనులు మార్చుకోవాలి. ఇంట్లోవాళ్లందరి పేర్లూ నిండిపోయి ఇంకా పనులు మిగిలితే, ఆ మిగిలినవి ఇంటివి కావు. వేళకు రాని కుళాయి నీళ్లు, ఆలస్యంగా తెరిచే హాస్టలు, మండలంలో దొరక్క ఆదోని దాకా పరిగెత్తించే మాత్రలు ఊరి పట్టికలోకి, అక్కణ్ణించి మండల, జిల్లా పట్టికల్లోకి ఎక్కాలి. మనిషిని క్రమశిక్షణలో పెట్టే పుస్తకాలు చాలానే వచ్చాయి. ఆ మనిషి నెత్తిన ఎవరి పనులు పడుతున్నాయో లెక్క రాసే పుస్తకం ఇంకా రావాల్సే ఉంది. దానికి సమాచారం కావాలంటే ఆదోని డివిజన్‌లో ఏ ఇంటి క్యాలెండరు తిప్పినా దొరుకుతుంది.